సరుగుడుకి గొడ్డలి, చింతకి మాల్

(గుంటూరులో వంట మేస్త్రీలు, కట్టెల అడితి నడిపేవాళ్లు కలిసి పెట్టుకున్న సమావేశంలో, వర్క్‌షాపులో వడ్రంగం నేర్పి రిటైరైన ఒక మాస్టారి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. మైకు వెనక దాకా వినిపిస్తోందా? సరే.

నన్ను మాట్లాడమన్న విషయం చిన్నది. గట్టి కట్టె చీల్చడానికి స్ప్లిటింగ్ యాక్స్, అంటే చీల్చడానికే చేసిన గొడ్డలి కొనాలా, మాల్, అంటే వెనక సమ్మెట ఉండే బరువు గొడ్డలి కొనాలా? ఇదివరకు ఈ ప్రశ్నే లేదు. కమ్మరి చేసిచ్చిన గొడ్డలి ఒకటి, సమ్మెట ఒకటి, పగులులో దించడానికి రెండు ఇనుప చీలలు ఉండేవి. వాటితోనే పని నడిచిపోయేది. ఇప్పుడు ఫోన్ తెరిస్తే నారింజ రంగు కామది, అంటే పిడిది, నల్ల కామది, రెండు కిలోలది, నాలుగు కిలోలది, ఎన్నో కనిపిస్తున్నాయి. వేలు పోసి కొన్నది తుమ్మ మొద్దులో ఇరుక్కుని ఊడి రాకపోతే, లోపం పనిముట్టుదా, కట్టెదా, కొట్టినవాడిదా అన్నది తేలదు.

నా ఉద్దేశం ముందే చెప్పేస్తాను. ఇక్కడ కూర్చున్న మేస్త్రీల్లో ఎక్కువమందికి రెండు కిలోల తల ఉన్న స్ప్లిటింగ్ యాక్స్ చాలు. మాల్ అవసరం పడేది చింత, వేప మొద్దులతో రోజూ తలపడే అడితి వాళ్లకి. కాదండీ, పెద్దదే కొంటాం అంటారా, కొనండి. ఎందుకు కొంటున్నారో తెలిసి కొనండి.

ముందు మూడు పనిముట్లనీ విడివిడిగా చూద్దాం. మన ఇళ్లలో ఉండే మామూలు గొడ్డలి చెట్టు నరకడానికి చేసింది. దాని ముఖం పలచన. నారకు అడ్డంగా పడి నారను కోస్తుంది. అదే గొడ్డలిని నిలబెట్టిన మొద్దు మీద వేస్తే రెండు మూడు అంగుళాలు దిగి అక్కడే కూర్చుంటుంది. లోపలికి పోవడం వచ్చు గానీ పక్కలకి తోయడం దానికి రాదు. స్ప్లిటింగ్ యాక్స్ అంచు దగ్గర సన్నగా మొదలై, కాస్త వెనక్కి వచ్చేసరికి రెండు వైపులా బుగ్గలు ఉబ్బుతాయి. తల బరువు సుమారుగా కిలోన్నర నుంచి రెండు కిలోల చిల్లర దాకా ఉంటుంది. అంచు దారి చేస్తుంది, బుగ్గలు కట్టెను రెండు పక్కలకి తోస్తాయి. మాల్ అంటే ముందు వైపు మొండి గొడ్డలి, వెనక వైపు సమ్మెట. తల రెండున్నర నుంచి మూడున్నర కిలోలు, ఇంకా బరువైనవీ ఉన్నాయి. ముఖం కోణం బాగా వెడల్పు. వెనక భాగాన్ని దెబ్బకి తట్టుకునేలా చేస్తారు కాబట్టి దాంతో ఇనుప చీల మీద కొట్టొచ్చు. స్ప్లిటింగ్ యాక్స్ వీపుతో ఆ పని చేయకూడదు, దాని వీపు మీద సమ్మెటతో కొట్టనూ కూడదు. దీని సంగతి మళ్లీ చెబుతాను, ఎందుకంటే మన దగ్గర చాలామంది చేసేది సరిగ్గా అదే.

ఇక కట్టె. పనిముట్టు గురించి మాట్లాడేవాళ్లందరూ కట్టెను మర్చిపోతారు.

చెట్టులో నార కింది నుంచి పైకి నిలువుగా ఉంటుంది. వేళ్ల నుంచి నీళ్లు ఆకులకి ఎక్కే గొట్టాలు ఆ వరసలోనే ఉంటాయి. ఆ నారను అడ్డంగా తెంపాలంటే మహా కష్టం. పక్కపక్క నారలను విడదీయాలంటే తేలిక. చీల్చడమంటే ఆ తేలిక దారి పట్టుకోవడమే. కోసిన మొద్దు మొహం మీద దగ్గరగా చూస్తే, మధ్యలోంచి బెరడు వైపుకి సన్నగీతలు పోతుంటాయి. కట్టె ఆరేటప్పుడు బీటలు ఆ గీతల వెంటే పడతాయి. మీ గొడ్డలి ఆ బీట మీద, ఆ బీట వరసలోనే పడాలి. మంచి కట్టెలో అంచు ఒకటి రెండు అంగుళాలు దిగేసరికి పగులు దానికంటే ముందు పరిగెడుతుంది. అక్కడి నుంచి అంచు దేన్నీ తాకదు, బుగ్గలే పని కానిచ్చేస్తాయి. అందుకే చీల్చే గొడ్డలికి గడ్డం గీసుకునేంత పదును అక్కర్లేదు. అలాగని మరీ మొండిగా ఉంటే ఎండు కట్టె మీద పడి జారుతుంది, అదింకా ప్రమాదం.

ఇదంతా నార నిటారుగా ఉన్న చెట్ల సంగతి. మన చెట్లన్నీ అంత బుద్ధిమంతులు కావు.

సరుగుడు బుద్ధిమంతురాలు. మనకి బాపట్ల, చీరాల, నిజాంపట్నం వైపు ఇసక నేలల నుంచి వస్తుంది. పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు దగ్గర్లో దీన్ని తోటలుగా పెంచడం మొదలుపెట్టిందే రైలింజన్లకు కట్టె కోసం. ఆరిన సరుగుడు ఘనమీటరు 800 కిలోల పైనే తూగుతుంది. ఆ బరువు చూసి, అమ్మో ఇది గట్టి కట్టె, దీనికి మాల్ లేకపోతే పని జరగదు అనుకుంటారు. బరువుగా ఉండడం వేరు, చీలకపోవడం వేరు. జానెడు లావు సరుగుడు ముక్కని రెండడుగుల పొడవున కోసి నిలబెట్టి, స్ప్లిటింగ్ యాక్స్‌ని బీట మీద వేయండి. టప్పుమని రెండు పేళ్లవుతుంది. లోపల ఎరుపు కలిసిన గోధుమరంగు, చీలిన ముఖం నున్నగా ఉంటుంది. ఇంత చక్కగా చీలే కట్టె మీద మాల్ ఎత్తడం ఒళ్లు హూనం చేసుకోవడమే.

సుబాబుల్ ఇంకా తేలిక. కృష్ణా, గుంటూరు, ప్రకాశం రైతులు కాగితం మిల్లుల కోసం వేసిన తోటల నుంచి మిగిలిన ముక్కలు పొయ్యిలోకి వస్తాయి. దాని మీద ఎక్కువ మాట్లాడక్కర్లేదు, ఏ గొడ్డలైనా సరిపోతుంది.

నల్ల తుమ్మ రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. నిటారు మాను పచ్చిగా ఉండగా కొడితే బాగానే చీలుతుంది. ఏడాది ఎండలో పడేసి, చేవ బిగిశాక కొడితే మాట వినదు. ఎడ్లబండి చక్రాలు దాంతో చేశారంటే ఊరికే చేయలేదు. కాబట్టి తుమ్మ లోడు దిగిన వారంలోనే చీల్చి పెట్టుకోండి. ఎండాక చీలుద్దాంలే అనే మాట సరుగుడు దగ్గర చెల్లుతుంది, తుమ్మ దగ్గర చెల్లదు.

సర్కారు తుమ్మ గురించి అడుగుతారని తెలుసు. అది మన దేశపు చెట్టు కాదు. 1877లో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురం దగ్గర నాటారు. ఇవాళ పల్నాడు బీళ్లలో ఎక్కడ చూసినా అదే. నిప్పు బాగా నిలుస్తుంది. కానీ లావు తక్కువ, వంకర ఎక్కువ, ముళ్ల సంగతి సరే సరి. మణికట్టు లావు ఉన్నదాన్ని చీల్చే పని పెట్టుకోకండి, పొడవు తగ్గించి అలాగే పెట్టేయండి. వంకర కట్టె మొద్దు మీద సరిగ్గా నిలబడదు. నిలబడని కట్టె మీద దెబ్బ వేస్తే అది ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు.

చింత దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. మాంసం కొట్లో మొద్దు ఏ చెట్టుదో ఎప్పుడైనా చూశారా? (సభలోంచి: చింతేనండి.) చింతే. పొద్దున్నుంచి రాత్రి దాకా కత్తి పడుతున్నా అది చీలదు, పేడు లేవదు. కత్తి దెబ్బకి చీలని కర్రను వాళ్లు ఏరికోరి తెచ్చుకున్నారు. అదే కర్రను మనం గొడ్డలితో చీలుద్దామనుకుంటున్నాం. (నవ్వులు)

దాని నార తిన్నగా పోదు. కొన్నేళ్ల పాటు పెరిగిన పొర కుడికి మెలి తిరిగితే, ఆ తర్వాతి పొర ఎడమకి మెలి తిరుగుతుంది. పొరల నార అలా ఒకదానికొకటి ఎదురుగా పోతుంది కాబట్టి పగులు ఒక పొరలో ముందుకు వెళ్లి, పక్క పొరలో అడ్డం తగిలి ఆగిపోతుంది. చింత మొద్దు సగం పగిలాక వంగి ఆ చీలిక లోపలికి చూడండి. ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి ఏటవాలుగా సన్నటి నారలు పట్టుకుని ఉంటాయి, ఒక్కోటి అగ్గిపుల్ల లావున. చేత్తో లాగితే తెగవు. మొద్దు రెండైపోయింది కదా అని ఒక సగాన్ని ఎత్తితే రెండో సగం దాంతోపాటే లేస్తుంది. ఆ నారల్ని గొడ్డలి అంచుతో ఒక్కొక్కటిగా కోసుకుంటూ పోవాల్సి వస్తుంది.

మాల్ అవసరం ఇక్కడ కనిపిస్తుంది. సన్నటి ముఖం ఆ నారల మధ్య దిగబడి ఇరుక్కుంటుంది. వెడల్పు ముఖం దిగేది తక్కువైనా, దిగిన మేరకు చీలికని బాగా తెరుస్తుంది. నారలు సాగి పుటుక్కుమని తెగుతాయి. ఆ చప్పుడు వినిపిస్తే మీ దెబ్బ పనిచేస్తోందని అర్థం. ఇనుము మీద ఇనుము కొట్టినట్టు ఖంగుమని, మాల్ పైకి ఎగిరిందంటే ఆ చోట మళ్లీ కొట్టకండి, పక్కకి జరపండి.

వేప నార కూడా ఈ తరహాదే, చింత అంత మొండిది కాదు. రోడ్ల పక్కన ఉండే నిద్రగన్నేరు బరువు తక్కువ, మెత్తన కూడా. కానీ కొమ్మలు ఎక్కువ, నార గజిబిజి. తుపానుకి పడిపోయిన చెట్టు చవగ్గా వస్తోందని లారీ నిండా తెచ్చుకున్నవాళ్లకి ఆ సంగతి తెలుసు.

మీరు చూసే వీడియోల్లో ఒక్క దెబ్బకి మొద్దు రెండవుతుంది. ఎందుకు అవదండీ! ఫిన్లాండ్, స్వీడన్ దేశాల్లో వాళ్లు ఎక్కువగా చీల్చేది బర్చ్, పైన్, స్ప్రూస్. చాలా వరకు నార నిటారు. ఫిస్కార్స్ అని ఫిన్లాండ్ కంపెనీ ఉంది, 1649లో ఇనుము పనితో మొదలైంది. వాళ్ల గొడ్డళ్లు బాగుంటాయి, నేను కాదనను. మన సరుగుడు మీద కూడా అలాగే పనిచేస్తాయి. ఆ వీడియో చూసి చింత మొద్దు దగ్గరికి వెళ్తేనే గొడవ.

ఇప్పుడు బరువు లెక్క. తల ఎంత బరువుంటే దెబ్బ అంత పెద్దదని అనుకుంటాం. అది సగం నిజం. దెబ్బలో ఉండే శక్తి బరువుతో మామూలుగా పెరుగుతుంది, వేగంతో వర్గం లెక్కన పెరుగుతుంది. రెండు కిలోల తల సెకనుకి 10 మీటర్ల వేగంతో వస్తే ఆ దెబ్బలో శక్తి 100 జౌళ్లు. నాలుగు కిలోల తల 7 మీటర్ల వేగంతో వస్తే 98. రెండూ ఒకటే. బరువు పెరిగేకొద్దీ మనిషి తిప్పగలిగే వేగం తగ్గుతుంది కాబట్టి పెద్ద తల కొన్నంత మాత్రాన రెట్టింపు దెబ్బ రాదు.

ఎత్తడం దగ్గర మాత్రం రెట్టింపే. నాలుగు కిలోలని వంద దెబ్బలకి ఎత్తితే, మొత్తం 400 కిలోలు తల పైకి ఎత్తినట్టు. రెండు కిలోలదైతే 200. కుర్రాడు పొద్దున ఏడింటికి ఉత్సాహంగా మొదలుపెడతాడు, తేడా తెలియదు. బెజవాడ ఎండలో పదకొండయ్యేసరికి భుజాలు చెబుతాయి. అలిసిన చెయ్యి గురి తప్పుతుంది. రోజూ కట్టె కొట్టే మనిషిని అడగండి, బలం గురించి మాట్లాడడు, దెబ్బ మీద దెబ్బ ఒకే చోట పడడం గురించి మాట్లాడతాడు. తేలిక తలతో అది సాధ్యం. పెళ్లి వంటకి రాత్రికి రాత్రి కట్టెలు చీల్చే కుర్రాళ్లకి మాల్ ఇచ్చి పంపకండి.

మరి మాల్‌కి ఉన్న మేలు ఏంటి? వేగం తక్కువైనా దాని ఊపు ఆగదు. అడ్డం నార తగిలినా బరువు దాన్ని ముందుకు తోస్తుంది. సాము తెలియనివాడు కూడా ఎత్తి వదిలేస్తే చాలు, బరువే దిగుతుంది. పైగా దాని వెనక సమ్మెట ఉంది కాబట్టి వేరే సమ్మెట కొనక్కర్లేదు. చింత, వేప మొద్దులు, మూరెడు పైన లావున్న తుమ్మ, ఇవి మీ దగ్గరికి తరచుగా వచ్చే పనైతే మాల్ కొనుక్కోండి. మూడు కిలోలు చాలు. నాలుగు కిలోలది కొన్నవాళ్ల ఇళ్లలో అది గోడకి ఆనుకుని ఉంటుంది.

(సభలోంచి ఒక మేస్త్రి: మాస్టారూ, కామ పొడుగుంటే వేగం పెరుగుతుంది కదా? పొడుగు కామ కొంటే సరిపోదా?)

మంచి ప్రశ్న అండి. పెరుగుతుంది. తల తిరిగే వలయం పెద్దదైతే అంచు దగ్గర వేగం ఎక్కువ. ఫిస్కార్స్ ఎక్స్ 27 కామ 36 అంగుళాలు పెట్టింది అందుకే. ఇంకో లాభం కూడా ఉంది. పొట్టి కామ గొడ్డలి గురి తప్పితే వలయం తిరిగి నేరుగా మీ మోకాలి కిందికి వస్తుంది. పొడుగు కామ అయితే ముందే నేలకి తగులుతుంది. అయితే మీరు ఐదడుగుల మనిషి అయితే 36 అంగుళాలు పట్టుకుని తిప్పడం కష్టం, గురి కుదరదు. 30, 32 అంగుళాలు చూడండి. మొద్దు కింద పెట్టే దిమ్మ అడుగు ఎత్తుకి మించకుండా ఉంటే, దెబ్బ పడే సమయానికి చేతులు కిందికి వచ్చి కామ నేలకి సమాంతరంగా ఉంటుంది. దిమ్మ నడుము ఎత్తున ఉంటే ఎంత మంచి గొడ్డలైనా దండగ, వేగం రాకముందే తగిలిపోతుంది. దెబ్బ పడే క్షణంలో మోకాళ్లు కాస్త వంచండి, నడుము కాదు.

దిమ్మ మీద పాత టైరు ఒకటి పెట్టుకోండి. ఆటోనగర్‌లో కారు టైర్లు ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. మొద్దును టైరు మధ్యలో నిలబెట్టి కొడితే చీలిన పేళ్లు చెల్లాచెదురుగా ఎగరవు, అక్కడే నిలబడతాయి. వంగి ఏరుకుని మళ్లీ నిలబెట్టే పని తప్పుతుంది. కట్టె కొట్టేవాడి సమయం సగం ఆ వంగడంలోనే పోతుంది. గురి తప్పినా గొడ్డలి రబ్బరు మీద పడుతుంది. ఖర్చు లేని ఉపాయం, ఇన్నాళ్లూ ఎవరూ ఎందుకు పెట్టుకోలేదో నాకు తెలియదు.

చింత మొద్దుని ఎలా చేయాలో చెప్పి పనిముట్ల జాగ్రత్తల్లోకి వెళ్తాను. పచ్చిగా ఉండగానే మొదలుపెట్టండి. రెండడుగులు కాదు, అడుగు పొడవున కోయించండి. పొడవు తగ్గితే పగులు పోవాల్సిన దూరం తగ్గుతుంది, అడ్డం తగిలే నారలూ తగ్గుతాయి. కోత కూలి కాస్త పెరుగుతుంది, చీల్చే కూలిలో అంతకంటే ఎక్కువ మిగులుతుంది. పెద్ద మొద్దుని నడిమధ్యన కొట్టకండి. అంచు నుంచి నాలుగు వేళ్ల మందాన చుట్టూ పేళ్లు లేపుకుంటూ రండి. చివరికి మధ్యలో మిగిలేది చిన్నది, దాన్ని అప్పుడు చూసుకోవచ్చు. బుడిపె ఉన్న వైపు కిందికి పెట్టి, నునుపు వైపు నుంచి మొదలుపెట్టండి. ఇరుక్కుపోతే ఒక చీలని మాల్ వీపుతో దించండి, పగులు ఎటు పోతోందో చూసి దాని చివర రెండో చీల దించండి. మొదటిది వదులై దానంతటదే బయటికొస్తుంది. ఒక్క చీలతో పని పెట్టుకుంటే అది లోపల పూడ్చుకుపోయి, దాన్ని తీయడానికి ఇంకో పనిముట్టు వెతుక్కోవాలి.

మాను రెండు కొమ్మలుగా చీలే పంగ దగ్గర ముక్క ఏ చెట్టుదైనా సరే, మీ మాల్‌ని దాని మీద పెట్టకండి. నార అక్కడ నాలుగు దిక్కులా తిరిగి ఉంటుంది. గానుగ పొయ్యి లాంటి పెద్ద పొయ్యి ఉన్నవాళ్లకి ఇచ్చేయండి, లేదా రంపంతో కోయించండి.

ఇప్పుడు ఇందాక అన్న విషయం. గొడ్డలి ఇరుక్కుంటే దాని వీపు మీద సమ్మెటతో బాదడం. ప్రతి అడితిలో కనిపిస్తుంది. గొడ్డలి తలలో కామ దూరే బెజ్జం ఉంది కదా, దాని రెండు గోడలూ పలచన. వెనక నుంచి సమ్మెట పడితే ఆ గోడలు లోపలికి నొక్కుకుంటాయి, బయటికి ఉబ్బుతాయి. ముందు కామ వదులవుతుంది. తర్వాత ఏదో ఒక రోజు బెజ్జం అంచున నెర్రె కనిపిస్తుంది. ఆ తలని ఇక నమ్మకూడదు. ఇరుక్కున్న గొడ్డలిని కామ చివర పట్టుకుని పైకీ కిందికీ ఆడించండి, వస్తుంది. పక్కలకి ఆడిస్తే కామ విరుగుతుంది.

చీల నెత్తి కూడా చూసుకోవాలి. దెబ్బలు తిని తిని నెత్తి చితికి, చుట్టూ ఇనుప రేకులు బయటికి లేస్తాయి. ఆ రేకు ఒకటి తెగి ఎగిరితే తుపాకీ గుండు ఎంతో అదీ అంతే, కంట్లో పడితే కన్ను పోతుంది. వెల్డింగ్ షాపులో రెండు నిమిషాల పని, గ్రైండర్ పెట్టి ఆ రేకులు తీసేయించండి. కళ్లజోడు పెట్టుకోండి అంటే అందరూ నవ్వుతారు. మోటారు సైకిలు మీద వెళ్లేటప్పుడు పెట్టుకునేదైనా ఏమీ లేకపోవడం కంటే నయం, జేబులోంచి తీసి పెట్టుకోండి.

పదునుకి ఆకురాయి చాలు. గ్రైండర్ మీద పెడితే అంచు వేడెక్కి నీలం రంగు తిరుగుతుంది. నీలం తిరిగిందంటే ఉక్కు మెత్తబడిందని. ఆ తర్వాత ఎంత పదును పెట్టినా నిలవదు, మొదటి బుడిపె దగ్గరే మడత పడుతుంది. తప్పనిసరై గ్రైండర్ వాడితే పక్కన నీళ్ల బకెట్టు పెట్టుకుని మాటిమాటికీ ముంచండి.

(సభలోంచి అడితి ఆయన: అసలు ఇంత చీల్చడం ఎందుకండీ, లావు మొద్దులే పెడితే ఎక్కువసేపు మండుతాయి కదా?)

లావు మొద్దు ఎక్కువసేపు ఉంటుంది, మండుతుందని కాదు. (నవ్వులు) పచ్చి కట్టె బరువులో మూడో వంతు నుంచి సగం దాకా నీళ్లే. బెరడు ఆ నీళ్లని బయటికి పోనివ్వదు. చీల్చిన ముఖం నుంచి పోతాయి. చీల్చి, కింద రెండు అడ్డకర్రలు వేసి, గాలి ఆడేలా పేరిస్తే మన ఎండకి త్వరగా ఆరుతుంది. నీటి శాతం 20కి తగ్గితే మంచి వంటచెరకు. లెక్క చూడండి. 10 కిలోల కట్టెలో 4 కిలోలు నీళ్లుంటే, ఆ నీళ్లను ఆవిరి చేయడానికే కిలోకి సుమారు 600 కిలోకేలరీల చొప్పున 2400 దాకా పోతాయి. ఆ ఆవిరి మంటని చల్లార్చి పొగ పుట్టిస్తుంది, ఆ పొగ బిర్యానీ హండీకీ, వండేవాడి కళ్లకీ పడుతుంది. పైగా ఆ నాలుగు కిలోల నీళ్లని మీరు కట్టె ధరకే కొన్నారు. ఈ మాటకి అడితి వాళ్లు నన్ను క్షమించాలి.

ఇక మన ఎండ వల్ల వచ్చే ఒక చిక్కు. మే నెలలో గుంటూరులో చెక్క కామ కుంచించుకుపోతుంది, తల వదులవుతుంది. అందరూ చేసే పని, రాత్రి బకెట్లో నానబెట్టడం. తెల్లారేసరికి బిగుస్తుంది. కానీ ఉబ్బిన కర్ర బెజ్జం గోడలకి నొక్కుకుని లోపలి నార చితుకుతుంది. మళ్లీ ఎండాక ముందుకంటే ఎక్కువ వదులవుతుంది. దాని బదులు తల బాగా దిగగొట్టి, పై నుంచి చిన్న కర్ర చీల వేసి, ఆ చివరకి నాలుగైదు సార్లు అవిసె నూనె పట్టించండి. ప్లాస్టిక్, ఫైబర్ కామలకి ఈ గొడవ లేదు. వాటికి ఉన్న గొడవ, గురి తప్పి కామ మొద్దు అంచుకి తగిలి చిట్లితే మార్చడానికి మన కమ్మరి దగ్గర సరుకు ఉండదు. రోజూ కొట్టేవాళ్లకి నేను చెక్క కామే చెబుతాను, విరిగితే అదే రోజు ఇంకోటి వేసుకోవచ్చు.

అడితిలో రోజుకి టన్నుల లెక్కన చీల్చేవాళ్లు ఈ చర్చంతా వదిలేసి హైడ్రాలిక్ మెషిన్ గురించి ఆలోచించండి. అది మెల్లగా, టన్నుల బలంతో తోస్తుంది. నార మెలి తిరిగినా దానికి లెక్కలేదు. చెయ్యి దగ్గర పెట్టకుండా చూసుకోవడమే.

(సభలోంచి: కామకి ఏ కర్ర మంచిదండీ?)

విదేశాల్లో హికరీ, యాష్ వాడతారు. మనకి వాటితో పని లేదు. నల్లమల వైపు చిరుమాను అని ఉంది, గట్టిదనంతో పాటు వంగే గుణం ఉంటుంది, దెబ్బ అదురు చేతికి రానివ్వదు. బండి ఇరుసులకి వాడిన కర్ర అది. దొరికితే వదలకండి. లేకపోతే తిన్నటి నార ఉన్న నల్ల తుమ్మ తీసుకోండి. కొట్లో కామ చేతికి తీసుకున్నాక దాని కింది చివర చూడండి. చెట్టు ఏటేటా పెరిగిన వలయాల గీతలు గొడ్డలి అంచు ఉండే దిశలోనే పోతుండాలి. అడ్డంగా పోతుంటే పక్కన పెట్టేయండి, వారంలో విరుగుతుంది. పొడవునా కూడా చూడండి, నార మధ్యలో పక్కకి దిగిపోతే అక్కడే విరుగుతుంది. రంగు పూసిన కామ మాత్రం ఎంత చవకైనా కొనకండి, రంగు కింద బుడిపె ఉందో, పుట్టీ ఉందో కనబడదు.